కీటకాల మాక్రో ఫొటోగ్రఫీలో ఫోకస్

పురుగు బొమ్మ కెమెరా సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలోనో, అంతకన్నా పెద్దగానో పడేలా దగ్గరికి వెళ్లి తీసే పద్ధతి మాక్రో ఫొటోగ్రఫీ. సగం పరిమాణంలో తీసినదాన్ని కూడా వాడుకలో మాక్రో అనే అంటున్నారు. ఇందులో బొమ్మలు ఎక్కువగా చెడిపోయేది ఒకే చోట: షార్ప్‌గా రావాల్సిన భాగం షార్ప్‌గా రాదు. లెన్స్ ఖరీదుకూ దీనికీ సంబంధం తక్కువ. దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా కనిపించే మందం మిల్లీమీటరుకు పడిపోతుంది. ఆ మిల్లీమీటరును పురుగు ఒంటి మీద ఎక్కడ పెట్టాలి, షట్టర్ పడేదాకా అక్కడే ఎలా నిలపాలి అన్నవి తెలిస్తే సగటు లెన్స్ కూడా అద్భుతంగా పనిచేస్తుంది. తెలియకపోతే లక్ష రూపాయల లెన్స్ కూడా మసకబొమ్మే ఇస్తుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణలకు మెదక్ జిల్లా శివ్వంపేట ప్రాంతాన్ని తీసుకున్నాం. ఇక్కడ చెరువుల కింద వరి, మెట్ట చేలలో పత్తి, మొక్కజొన్న పండుతాయి. పక్కనే నర్సాపూర్ అడవి. సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కెమెరాలు మెడలో వేసుకుని ఆ అడవికి వచ్చేవాళ్లుంటారు. పిట్టల కోసమైతే అడవికి పోవాల్సిందే గానీ, పురుగుల కోసం చెరువు కట్ట, చేను గట్టు చాలు.

మిల్లీమీటరు లెక్క

ఏ లెన్స్‌కైనా ఫోకస్ కచ్చితంగా కుదిరే తలం ఒక్కటే. దానికి ముందూ వెనకా కొంత మేర కంటికి స్పష్టంగానే ఉంటుంది. ఆ మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. దూరపు ఫొటోల్లో ఇది లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను బట్టి మారుతుందని అందరూ నేర్చుకుంటారు. మాక్రోకు వచ్చేసరికి ఆ పాఠాన్ని పక్కన పెట్టాలి. బొమ్మ ఎన్ని రెట్లలో పడుతోంది, అపర్చర్ ఎంత ఉంది అన్న రెండు సంగతులే మందాన్ని తేలుస్తాయి. సెన్సర్ మీద మచ్చ ఇంతకు మించనంతవరకు కంటికి చుక్కలాగే కనిపిస్తుందని ఫుల్‌ఫ్రేమ్‌కు వాడుకలో ఉన్న 0.03 మి.మీ. ప్రమాణంతో లెక్కవేస్తే, ఎఫ్/11 వద్ద సగం పరిమాణంలో తీసినప్పుడు దాదాపు 4 మి.మీ. మందం దక్కుతుంది. అసలు పరిమాణానికి వెళ్తే అది 1.3 మి.మీ., అంటే సుమారు రూపాయి బిళ్ల మందం. రెట్టింపుకు వెళ్తే అర మిల్లీమీటరు. ఐదు రెట్లలో ఎఫ్/8 పెడితే మిల్లీమీటరులో పదో వంతు కన్నా కాస్త ఎక్కువ.

దీన్నిబట్టి 60 మి.మీ. లెన్స్‌తో తీసినా 180 మి.మీ. లెన్స్‌తో తీసినా, పురుగు ఒకే పరిమాణంలో పడితే స్పష్టమైన మందం దాదాపు ఒకటే. పొడుగు లెన్స్ ఇచ్చే లాభం వేరు: పురుగుకు కాస్త ఎడంగా ఉండవచ్చు, వెనకున్న గడ్డీగాదం కరిగిపోయి శుభ్రంగా కనిపిస్తుంది. చెరువు గట్టు తూనీగలకు ఆ ఎడం అవసరం. ఆకు మీద మెల్లగా పాకే గొంగళిపురుగుకు అక్కర్లేదు.

మందం చాలకపోతే అపర్చర్ ఇంకా మూసేద్దామని ఎవరికైనా తోస్తుంది. ఎఫ్/16, ఎఫ్/22, వీలైతే ఎఫ్/32. ఇక్కడ కాంతి ఒప్పుకోదు. దగ్గరికి వెళ్లినప్పుడు లెన్స్ మీద రాసి ఉన్న అంకె అసలు అంకె కాదు. అసలు పరిమాణంలో తీస్తుంటే అది రెట్టింపవుతుంది: ఎఫ్/11 నిజానికి ఎఫ్/22లా, ఎఫ్/16 ఎఫ్/32లా పనిచేస్తాయి. సన్నని రంధ్రం గుండా పోయే కాంతి అంచుల వద్ద వంగి, చుక్కగా పడాల్సింది చిన్న మచ్చగా పరుచుకుంటుంది. ఈ వివర్తనం వల్ల ఎఫ్/22 స్థాయిలో మచ్చ వ్యాసం 0.03 మి.మీ.కు చేరుతుంది, ఎఫ్/32లో దాన్ని దాటిపోతుంది. అక్కడి నుంచి ఎంత మూస్తే బొమ్మంతా అంత మెత్తబడుతుంది. ఫోకస్ తప్పినచోటా, కుదిరినచోటా తేడా తెలియకుండా పోతుంది. అందుకే అసలు పరిమాణంలో ఎఫ్/8 నుంచి ఎఫ్/11 దాకా, రెట్టింపులో ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 దాకా ఆగడం మేలు. చిన్న సెన్సర్ల కెమెరాలు ఎక్కువ మందం ఇస్తాయన్న మాట నిజమే గానీ, వాటికి వివర్తనపు హద్దు కూడా అంత ముందే వస్తుంది.

కదలిక

ఫోకస్ కుదరలేదని పారేసే ఫొటోల్లో చాలావాటిలో అసలు దోషం కదలికది. అసలు పరిమాణంలో తీస్తున్నప్పుడు గడ్డిపోచ ఎంత ఊగితే సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే ఊగుతుంది. గాలికి ఒక పువ్వు సెకనుకు 10 మి.మీ. కదులుతోందనుకుందాం, కంటికి అది ఊపు కింద లెక్కే కాదు. 1/200 సెకను షట్టర్‌లో ఆ బొమ్మ 0.05 మి.మీ. జరుగుతుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.006 మి.మీ. అంటే ఎనిమిది పిక్సెళ్ల మేర అలుక్కుపోయినట్టే. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగే సమయం 1/10,000 సెకను దరిదాపుల్లో ఉంటుంది. ఆ వెలుగుతోనే తీస్తే అదే పువ్వు జరిగేది 0.001 మి.మీ. మాత్రమే. పట్టపగలు కూడా మాక్రో తీసేవాళ్లు ఫ్లాష్ వాడేది వెలుగు చాలక మాత్రమే కాదు, ఈ కాలాన్ని కుదించుకోవడానికి కూడా. షరతు ఏమిటంటే ఎండ వెలుగు బొమ్మలో పాలు పంచుకోకుండా ఐఎస్ఓ తగ్గించాలి. లేకపోతే ఫ్లాష్ బొమ్మ పక్కనే ఎండ బొమ్మ నీడలా పడుతుంది.

ఫ్లాష్ నేరుగా తగిలితే పురుగు వీపు అద్దంలా మెరిసి, ఆ మెరుపులో గీతలూ గుంతలూ పోతాయి. దాంతో షార్ప్‌గా ఉన్నది కూడా షార్ప్‌గా లేనట్టు కనిపిస్తుంది. బటర్ పేపరుతోనో, తెల్లని పల్చటి ప్లాస్టిక్‌తోనో వెడల్పాటి డిఫ్యూజర్ చేసుకుని, అది పురుగుకు వీలైనంత దగ్గరగా ఉండేలా అమర్చుకోవాలి. కొన్న డిఫ్యూజర్ల కన్నా ఇంట్లో చేసుకున్నవే చాలాసార్లు నయం, ఎందుకంటే సొంత లెన్స్ కొలతకు కత్తిరించుకుంటాం.

అడ్డంగా వచ్చే ఊపును ఫ్లాష్ ఆపుతుంది. ముందుకూ వెనక్కూ వచ్చే ఊపును ఏదీ ఆపదు. నిలబడ్డ మనిషి ఊపిరి తీసుకుంటేనే ఒళ్లు కొన్ని మిల్లీమీటర్లు ఊగుతుంది, మన దగ్గర ఉన్న మందమేమో ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు. కెమెరాల్లోని స్టెబిలైజేషన్ ఈ దిశలో పనిచేయదు. 2009లో కానన్ తెచ్చిన 100 మి.మీ. ఎల్ మాక్రో లెన్స్ పక్కలకు జరిగే ఊపును కూడా సరిదిద్దేలా చేసింది, అయినా మామూలు దూరంలో నాలుగు స్టాపుల లాభం అసలు పరిమాణానికి వచ్చేసరికి రెండుకు తగ్గుతుందని ఆ కంపెనీయే చెప్పింది.

కాబట్టి చేత్తో పట్టుకుని తీసేవాళ్లు ఆటోఫోకస్ ఆపేస్తారు. కావలసిన పరిమాణానికి ఫోకస్ రింగును ముందే పెట్టి, ఇక దాన్ని ముట్టుకోరు. నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆన్చి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకు వంచుతూ పురుగు కన్ను పదునెక్కిన క్షణాన షట్టర్ నొక్కుతారు. ఇంతకన్నా మంచి కిటుకు ఒకటుంది. పురుగున్న కాడను ఎడమచేతి వేళ్లతో మెల్లగా పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ముందుభాగాన్ని ఆనిస్తారు. అప్పుడు గాలి వీచినా, చెయ్యి వణికినా పురుగూ కెమెరా కలిసే కదులుతాయి. కాడను ముట్టగానే ఎగిరిపోయే పురుగుతో ఇది కుదరదు, పొద్దుటి చలిలో మాత్రం చక్కగా కుదురుతుంది.

కళ్లు ఎక్కడుంటే అక్కడ

బొమ్మలో ముందుగా చూపు పడేది కళ్ల మీదే. రెక్కలు, కాళ్లు మసకబారినా చూసేవాడు క్షమిస్తాడు, కన్ను మసకబారితే క్షమించడు. తూనీగ కంటిలో జాతిని బట్టి వేలకొద్దీ కటకాలుంటాయి, కొన్నింటిలో దాదాపు 30,000 వరకు. కన్ను ఉబ్బెత్తు గోళం కాబట్టి దాని మీద ఫోకస్ కుదిరేది ఒక ముక్క మేరకే. కంటి ముందుకొసకు ఫోకస్ పెడితే చిన్న వృత్తం ఒక్కటే పదునుగా వస్తుంది. కెమెరాను అరమిల్లీమీటరు లోపలికి జరిపితే ఆ వృత్తం ఉంగరంగా విచ్చుకుని, కటకాల అల్లిక ఎక్కువ మేర కనిపిస్తుంది. అందమైన బొమ్మలు చాలావరకు ఇలా కొద్దిగా లోపలికి పెట్టినవే.

సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకుని కూర్చుంటే దాన్ని సెన్సర్‌కు సమాంతరంగా పట్టడమే అసలు పని. 40 మి.మీ. పొడవున్న రెక్క 5 డిగ్రీలు వాలితే ఒక కొసకూ రెండో కొసకూ మధ్య లోతు 3.5 మి.మీ. అవుతుంది. సగం పరిమాణంలో ఎఫ్/11కు దక్కే 4 మి.మీ. మందంలో అది పట్టేస్తుంది. 10 డిగ్రీలు వాలితే 7 మి.మీ., దానికి ఎఫ్/11 చాలదు. కంటితో చూస్తే 5 డిగ్రీలకూ 10 డిగ్రీలకూ తేడా తెలియదు. లైవ్ వ్యూలో ముందు రెక్క కొసనూ, వెనక రెక్క అంచునూ పెద్దవి చేసి ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవాల్సిందే.

శివ్వంపేట ఏడాది

ఫోకస్ కష్టాలు ఋతువును బట్టి మారతాయి. మృగశిర కార్తెలో చినుకులు పడ్డాక, జూన్ మూడో వారం దాటి ఆరుద్ర వచ్చేసరికి తడి నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. ఎనిమిది కాళ్లున్న ఈ జీవి శాస్త్రం ప్రకారం కీటకం కాదు, సాలీడు, తేళ్ల వర్గపు నల్లి. మాక్రో తీసేవాళ్లు ఆ భేదం పట్టించుకోరు. సెంటీమీటరు దాకా ఉండే దాని ఒళ్లంతా మఖమల్ లాంటి నూగు. ఎంత జాగ్రత్తగా ఫోకస్ పెట్టినా ఆ నూగు కలిసిపోయి ఎర్రటి ముద్దలా వస్తోందని చాలామంది విసుక్కుంటారు. తప్పు ఫోకస్‌ది కాదు. కెమెరా మొత్తం వెలుగును లెక్కగట్టి ఎక్స్‌పోజర్ ఇస్తుంది. అప్పటికే ఎరుపు చానెల్ నిండిపోయి, నూగుకూ నూగుకూ మధ్య తేడా చెరిగిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు దాకా తగ్గించి, హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి గోడను తాకకుండా చూసుకుంటే అదే ఫోకస్‌తో ఒక్కో వెంట్రుక విడివిడిగా కనిపిస్తుంది. ఇది పాకే జీవి కాబట్టి కెమెరాను నేలకు ఆనించి, అది వచ్చే దారిలో ముందే ఫోకస్ పెట్టి కాచుకోవాలి. వెంటపడితే దొరకదు.

బతుకమ్మ రోజులకు తంగేడు పూస్తుంది. దాని మీద వాలే నల్లని గండుతుమ్మెదది పూర్తిగా ఇంకో ఇబ్బంది. తంగేడు పువ్వులో పుప్పొడి కొసరంధ్రాలున్న గొట్టాల్లో ఉంటుంది. తుమ్మెద వాటిని కాళ్లతో కరచుకుని, ఎగిరే కండరాలను గట్టిగా అదిలిస్తూ పుప్పొడిని రాల్చుకుంటుంది. ఝుమ్మనే మోత వినిపించే ఆ ఒకటి రెండు సెకన్లు అది అక్కడే ఉంటుంది గానీ, ఒళ్లంతా అదురుతూనే ఉంటుంది. ఎండ వెలుగులో తీస్తే బొమ్మ అలుక్కుపోవడం ఖాయం, ఫ్లాష్ తప్పదు. నిగనిగలాడే నలుపు మీద ఆటోఫోకస్‌కు పట్టు దొరక్క అది పసుపు రేకల మీదికి జారుతుంది. తలకు కాస్త పక్కనున్న రేక అంచుకు ఫోకస్ కట్టి, ఒంటిని వెనక్కూ ముందుకూ ఊపుతూ వరసగా కొన్ని ఫ్రేములు తీయడం నయం. ఇటీవలి కెమెరాల్లో, ఉదాహరణకు 2022లో వచ్చిన సోనీ ఏ7ఆర్5లో, కీటకాలను గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉంది. ఎగిరేవాటికి అది పనికొస్తుంది. అసలు పరిమాణానికి వెళ్లాక మాత్రం మనిషి కన్నే మేలు.

డిసెంబరు, జనవరి ఉదయాలు అందరికన్నా కొత్తవాళ్లకు అనుకూలం. కీటకాల ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, చలికి తూనీగలు మంచు బిందువులతో సహా గడ్డికాడలకు అతుక్కుని కదలకుండా ఉంటాయి. ఎండ తగిలాక రెక్కలు అదిలించి కండరాలను వేడెక్కించుకుంటేగానీ కొన్ని ఎగరలేవు. గాలి పడిపోయిన ఆ గంటలో ట్రైపాడ్ వేసి, ఫ్లాష్ లేకుండా ఐఎస్ఓ 100లో అర సెకను షట్టర్ ఇచ్చినా పనవుతుంది. గట్టున గుచ్చిన పుల్లకు బట్టల క్లిప్పు కట్టి, గడ్డికాడను పురుగుకు కాస్త కింద ఆ క్లిప్పుకు పట్టిస్తే చిన్నపాటి గాలిని కూడా తట్టుకోవచ్చు. పొద్దెక్కాక అవే తూనీగలను తీయాలంటే, అవి మళ్లీ మళ్లీ వచ్చి వాలే పుల్లను గమనించి దానికి ముందే ఫోకస్ పెట్టుకోవాలి.

పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీసేవాళ్లు, గమ్ముతో అతికించేవాళ్లు కూడా ఉన్నారు. బొమ్మలో అసహజంగా ముడుచుకున్న కాళ్లు వాళ్ల సంగతి చెబుతాయి. పొద్దున్నే లేవలేనివాళ్ల పనిది.

పొరలు పేర్చడం

ఒక్క ఫ్రేములో దొరకని మందాన్ని అనేక ఫ్రేముల్లో దొరకబుచ్చుకుని, వాటిలో పదునైన ముక్కలను కంప్యూటర్‌లో కలిపే పద్ధతి ఫోకస్ స్టాకింగ్. సాఫ్ట్‌వేర్ కొత్తదే గానీ పని పాతది. 1665లో రాబర్ట్ హుక్ తన మైక్రోగ్రాఫియాలో వేసిన ఈగ, చీమ, పేను బొమ్మలు సూక్ష్మదర్శినిలో ఒక్క చూపుకు కనిపించినవి కావు. వేర్వేరు వెలుగుల్లో, వేర్వేరు కోణాల్లో చూసి అసలు ఆకారం తేల్చుకున్నాకే గీశానని ఆయన రాసుకున్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని పట్టుకున్నదీ సూక్ష్మదర్శినితోనే. అంత పరిమాణంలో ఫోకస్ మందం మైక్రాన్లకు దిగిపోతుంది. పొరపొరకూ మరతిప్పుతూ చూసినవాడు ఆ పొరలను మనసులోనే పేర్చుకోవాలి.

లెన్సుల చరిత్రను రెండు ముక్కల్లో ముగించవచ్చు. చేతి కెమెరాలకు మొదటి మాక్రో లెన్స్‌గా చెప్పుకునే కిల్‌ఫిట్ మాక్రో కిలార్ 1955లో వచ్చింది. ఒకటి నుంచి ఐదు రెట్ల దాకా తీసే కానన్ ఎంపీ-ఈ 65 మి.మీ. లెన్స్ 1999లో వచ్చింది. దానికి ఫోకస్ రింగే లేదు, ఉన్న రింగు పరిమాణాన్ని మారుస్తుంది, ఫోకస్ కోసం ఒంటినే జరుపుకోవాలి.

స్టాకింగ్‌లో లెక్క తేలిక. ఒక్కో ఫ్రేముకు దక్కే మందంలో మూడోవంతు పక్క ఫ్రేముతో కలిసేలా అడుగు వేయాలి. అసలు పరిమాణంలో ఎఫ్/8కు దక్కే మందం సుమారు ఒక మిల్లీమీటరు, అడుగు 0.6 మి.మీ. 6 మి.మీ. లోతున్న పురుగుకు పది ఫ్రేములు చాలు. ఐదు రెట్లకు వెళ్తే 4 మి.మీ. లోతుకే యాభై కావాలి. ఒలింపస్ ఈ-ఎం1, నికాన్ డీ850 వంటివాటిలో ఫోకస్‌ను తనంతట తానే అడుగు అడుగూ జరిపే ఏర్పాటు ఉంది. హీలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు వాటిని కలుపుతాయి. లెవాన్ బిస్ అనే ఫొటోగ్రాఫర్ 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ప్రదర్శించిన బొమ్మల్లో ఒక్కోదానికి ఎనిమిది వేలకు పైగా ఫ్రేములు పట్టాయి. అవన్నీ మ్యూజియంలోని చనిపోయిన నమూనాలు. బతికున్న పురుగుకు పది పదిహేను ఫ్రేములు దాటితే మీసం ఒక్కసారి కదిలినా బొమ్మలో రెండు మీసాలు వస్తాయి. ఒకదాని మీదుగా ఒకటి పోయే వెంట్రుకల వద్ద సాఫ్ట్‌వేర్ తికమకపడి వెలుగు వలయాలు గీస్తుంది. వాటిని చేత్తో సరిదిద్దాలి. ఊగే పొలంలో స్టాకింగ్‌కు పూనుకోవడం కన్నా, ఒకే ఫ్రేములో మిల్లీమీటరును సరైనచోట పెట్టడం నేర్చుకోవడం ముందు జరగాల్సిన పని.

చెడిన బొమ్మను చదవడం

ఫొటోను కంప్యూటర్‌లో నూటికి నూరు పాళ్ల పరిమాణంలో చూస్తే చెడిన కారణం బొమ్మలోనే కనిపిస్తుంది. పురుగు మసకగా ఉండి, దానికి ముందున్న ఆకో వెనకున్న ఆకో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది, ఒళ్లు ఊగింది. ఫ్రేములో ఏదీ పదునుగా లేకుండా, మెరిసే చుక్కలన్నీ ఒకే వైపు గీతలుగా సాగితే కదలిక. గీతలు లేకుండా ఫోకస్ కుదిరిన భాగం కూడా సమానంగా మెత్తగా ఉంటే అపర్చర్ ఎక్కువ మూసుకుపోయింది, లేదా లెన్స్ మీద చెమ్మ పట్టింది. ఏసీ కారు దిగి వానాకాలపు పొలంలోకి వస్తే ఇది మామూలే, పది నిమిషాలు ఆగాలి. ఆకారమంతా సరిగ్గా ఉండి నూగు, పొలుసులు మాత్రం కలిసిపోతే ఐఎస్ఓ ఎక్కువై కెమెరా నాయిస్‌ను తుడిచే పనిలో వాటినీ తుడిచేసింది. ఏ బొమ్మ ఏ తప్పు వల్ల పోయిందో తేల్చుకోకుండా కొత్త లెన్స్ కొనేవాళ్లే దుకాణాలను బతికిస్తున్నారు.

చేను గట్టున ఫోన్

ఇవాళ ఈ ఊళ్లలో పురుగుల ఫొటోలు తీసేవాళ్లలో రైతులు తక్కువేం కాదు. చేలో కనిపించిన పురుగును ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో వ్యవసాయాధికారికి పంపుతారు. పంట ఫొటో చూసి తెగులును గుర్తించే ప్లాంటిక్స్ వంటి యాప్‌లు కూడా ఉన్నాయి. పటాన్‌చెరువులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్లాంటిక్స్ రూపకల్పనలో భాగస్వామి. ఫోకస్ ఇక్కడ అందం సంగతి కాదు, మందు కొనాలా వద్దా అన్న సంగతి.

2018లో మన దేశంలో మొదటగా కర్ణాటకలో కనిపించి మొక్కజొన్నను పట్టుకున్న కత్తెర పురుగునే తీసుకుందాం. దాన్ని మిగతా లద్దెపురుగుల నుంచి వేరు చేసే గుర్తులు రెండు. తల ముందు తిరగేసిన ఆంగ్ల వై ఆకారపు తెల్లగీత, తోక దగ్గరి ఎనిమిదో ఉదర ఖండం మీద చతురస్రంగా అమరిన నాలుగు నల్లచుక్కలు. మూడు సెంటీమీటర్లకు పైగా పెరిగే ఒంటికి ఒక గుర్తు ఈ కొసనా, రెండోది ఆ కొసనా ఉన్నాయి. ఒక్క ఫొటోలో రెండూ రావాలంటే మొక్కజొన్న ఆకుల సుడిలోంచి పురుగును ఆకు మీదికి తెచ్చి, ఒళ్లు చాపుకున్నప్పుడు సరిగ్గా పైనుంచి ఫోన్‌ను ఆకుకు సమాంతరంగా పట్టాలి. లేదంటే తలకొకటి, తోకకొకటి రెండు ఫొటోలు పంపడం మేలు. సుడిలో ముడుచుకున్న పురుగును వంకరగా తీసి పంపితే అధికారి చెప్పగలిగింది ఏమీ ఉండదు.

ఫోన్‌తో వచ్చే ఇబ్బంది మరొకటి. చాలా ఫోన్లలో మాక్రో తీసేది వెడల్పు లెన్స్. పురుగుకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి, అప్పుడు ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది. కాస్త వెనక్కి జరిగితే ఫోన్ తనంతట తానే మామూలు లెన్స్‌కు మారిపోయి ఫోకస్ తప్పుతుంది. సూర్యుడిని ఒక పక్కన ఉంచుకుని, తెర మీద పురుగు తలను నొక్కి పట్టి ఫోకస్‌కు తాళం వేసి, అప్పుడు ఫోన్‌నే కొంచెం కొంచెం జరపాలి. వరి దుబ్బు మొదట్లో నీటికి పైన గుంపుగా ఉండే సుడిదోమ నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు, పైగా అక్కడ చీకటి. దుబ్బులను పాయతీసి ఇంకొకరి చేత టార్చి వేయించాలి. పత్తి, మిరప ఆకుల అడుగున ఉండే తామర పురుగులు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. వాటికి ఫోన్ లెన్స్ ఒక్కటే చాలదు. విత్తనాలు చూసే పది రెట్ల భూతద్దాన్ని ఫోన్ లెన్స్‌కు ఆనించి, ఆకును చదునైన అట్ట మీద పరచి, ఫోన్‌ను మెల్లగా ఆకు మీదికి దించుతూ పదునెక్కిన చోట ఆపితే పురుగు రెక్కల అంచున ఉండే వెంట్రుకల కుచ్చు కూడా కనిపిస్తుంది. తామర పురుగు అనడానికి ఆ కుచ్చు చాలు.